చిరునామా మారిన కెటలేజ్

నందికొట్కూరులో ఏ మందుల షాపుకు వెళ్లినా హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా దొరుకుతుంది. పార తగిలి తెగిన కాలి మీద నాలుగు చుక్కలు పోస్తే బుసబుసమని తెల్లటి నురగ లేస్తుంది. క్రిములు చస్తున్నాయని చాలామంది అనుకుంటారు. ఆ నురగ నిండా ఉన్నది ఆక్సిజన్. దాన్ని పుట్టిస్తున్నది మన రక్తంలో, కండలో ఉన్న కెటలేజ్ అనే ప్రోటీన్. నాలుగు ముక్కలు అతుక్కుని ఒక యంత్రం అవుతుంది, ముక్కకొక ఇనుము పరమాణువు. సెకను తిరిగేలోపు లక్షల పెరాక్సైడ్ అణువులను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. 1900లో ఆస్కార్ లోవ్ దీనికి పేరు పెట్టాడు. 1937లో సమ్నర్, డౌన్స్ కలిసి పశువుల కాలేయం నుంచి దీన్ని స్ఫటికాలుగా తీశారు. అంతవరకు పాత కథే. కెటలేజ్‌కు రెండో జన్మ 2005లో మొదలైంది, అదీ ఒక అడ్రసు చీటీ మార్చడం వల్ల.

మన శరీరం బరువులో మెదడు 2 శాతమే అయినా, మనం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఆ ఆక్సిజన్‌లో అధికభాగం ఖర్చయ్యేది కణంలోని మైటోకాండ్రియాలో. పెరాక్సైడ్ పుట్టే ముఖ్యమైన చోట్లలో అదొకటి. పెరాక్సైడ్‌కు ఇనుము తోడైతే కొవ్వునూ డీఎన్ఏనూ పాడుచేసే మరింత చురుకైన పదార్థం తయారవుతుంది. అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ బీటా మైటోకాండ్రియా లోపలికే చేరుతోందని 2006లో అమెరికాలోని ఒరెగాన్‌లో తెలుగు శాస్త్రవేత్త పి. హేమచంద్రారెడ్డి బృందం చూపింది. పెరాక్సైడ్ ఒత్తిడి పెరిగితే, అమైలాయిడ్‌ను కత్తిరించి తీసే బేస్-1 ఎంజైమ్ కూడా పెరుగుతుంది. అమైలాయిడ్ పెరిగితే మళ్లీ పెరాక్సైడ్. మరి కెటలేజ్ ఏం చేస్తున్నట్టు? అది మామూలుగా ఉండేది పెరాక్సిసోమ్ అనే వేరే అరలో. పైగా కాలేయంతో పోలిస్తే మెదడులో బాగా తక్కువ. అందుకే నా వాదన ఇది: మెదడు కణానికి యాంటీఆక్సిడెంట్ ఎంత అందిందన్నది కాదు, ఎక్కడికి అందిందన్నది ముఖ్యం. సుంకేసులలో నీళ్లు వదిలారన్న కబురుతో కేసీ కాలువ చివరి మడి తడవదు కదా.

దీనికి సాక్ష్యం ఎలుకలిచ్చాయి. 2005లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబినోవిచ్ బృందం మానవ కెటలేజ్ జన్యువులో ‘పెరాక్సిసోమ్‌కు పో’ అని చెప్పే తోకను తీసేసి, ‘మైటోకాండ్రియాకు పో’ అని చెప్పే ముక్కను అతికించింది. ఆ ఎలుకలు సుమారు 5 నెలలు ఎక్కువ బతికాయి. అదే ఎంజైమ్‌ను పెరాక్సిసోమ్‌లోనో కేంద్రకంలోనో పెంచితే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. యంత్రం అదే, మారింది చోటు. 2012లో హేమచంద్రారెడ్డి బృందం ఈ ఎలుకలను అల్జీమర్స్ ఎలుకలతో కలిపింది. మైటోకాండ్రియాలో కెటలేజ్ ఉన్న సంతానంలో బేస్-1, అమైలాయిడ్, డీఎన్ఏ గాయాలు తగ్గాయి. అది లేని అల్జీమర్స్ ఎలుకల కంటే 5 నెలలు ఎక్కువ బతికాయి కూడా. రెండు మూడేళ్ల ఆయుష్షున్న జీవికి 5 నెలలంటే తక్కువేం కాదు.

కెటలేజ్ అంత ముఖ్యమైతే అది లేనివాళ్లు ఎలా బతుకుతున్నారని అడగవచ్చు. జపాన్‌లో తకహారా అనే వైద్యుడు ఒక పిల్ల నోటి పుండు మీద పెరాక్సైడ్ పోస్తే నురగ రాలేదు, రక్తం నల్లబడింది. ఆ పిల్లలా పుట్టుకతోనే కెటలేజ్ లోపం ఉన్నవాళ్లలో చాలామంది మామూలుగానే బతుకుతారు, ఎందుకంటే మైటోకాండ్రియాలో ఈ కాపలా కాసేవి ప్రధానంగా పెరాక్సిరెడాక్సిన్‌లు, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్. ఎలుకలు చెప్పింది కెటలేజ్ లేకపోతే చస్తామని కాదు, ఆ కాపలా చాలనిచోట ఇంకో కాపలాదారు నిలబడితే మేలు జరుగుతుందని. ‘యాంటీఆక్సిడెంట్ ప్రోటీన్’ అన్న పేరు చూసి మురిసిపోవాల్సిన పని కూడా లేదు. కండరాల్ని నడిపే నాడీకణాలు చచ్చిపోయే ఏఎల్ఎస్ జబ్బుకు కొందరిలో ఎస్ఓడీ-1 అనే అలాంటి ప్రోటీన్ జన్యులోపం కారణమని 1993లో తేలినప్పుడు, రక్షణ తగ్గడం వల్లే అనుకున్నారు. 1996లో ఆ జన్యువు బొత్తిగా లేని ఎలుకలను పుట్టిస్తే వాటికి ఏఎల్ఎస్ రాలేదు. వంకర తిరిగిన ప్రోటీనే విషం. అందుకే 2023లో అమెరికా అనుమతించిన టోఫర్సెన్ అనే మందు ఆ ప్రోటీన్ తయారీనే తగ్గిస్తుంది.

నా వాదనకు గట్టి దెబ్బ మైటోక్యూ అనే మందు. మైటోకాండ్రియాలోకే చేరేలా మలిచిన ఈ యాంటీఆక్సిడెంట్‌ను పార్కిన్సన్స్ రోగులకు ఇచ్చి చూస్తే జబ్బు నెమ్మదించలేదని 2010లో తేలింది. చోటు సరైనదే, ఫలితం సున్నా. దీన్ని తోసిపుచ్చలేను. అయితే చేతులు వణికి డాక్టరు దగ్గరికి వచ్చేసరికే ఆ జబ్బులో చచ్చే డోపమిన్ కణాల్లో పెద్ద భాగం పోయి ఉంటుంది. ఎలుకలకేమో కెటలేజ్ పుట్టుకతోనే ఉంది. కాబట్టి చోటుతోపాటు వేళ కూడా కుదరాలి. ఈ రెండూ మందుల షాపులో దొరికే బిళ్లతో కుదిరేవి కావు. ప్రోటీన్‌ను మింగితే కడుపులోనే అరిగిపోతుంది, సూదితో ఎక్కించినా మెదడు గుమ్మం దాటదు. మిగిలిన దారి జన్యువునే నాడీకణాల్లోకి పంపడం. వెన్ను కండరాల క్షీణత ఉన్న పసిపిల్లలకు 2019 నుంచి వైరస్ మీద ఎక్కించి ఇస్తున్నది అలాంటి జన్యువే. కెటలేజ్‌కు ఆ బండి దొరికినా, మతిమరుపు మొదలవకముందే ఎవరికి ఎక్కించాలో గుర్తుపట్టాల్సి ఉంటుంది.