డాక్టరుకు చెప్పని మందు

ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉంది, చుట్టూ నల్లరేగడిలో మిరప ఉంది. గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో ఏ ఊళ్ళో ఆగినా యాభై దాటినవాళ్ళ మాటల్లో షుగరు, బీపీ, మోకాళ్ళు దొర్లకుండా ఉండవు. వంగి వంగి పత్తి తీసిన నడుములవి, గంటల తరబడి కూర్చుని మిరప తొడిమలు తీసిన మోకాళ్ళవి. ఇలాంటి ఇళ్ళలో మందులు రెండుచోట్ల ఉంటాయి. ఆసుపత్రి చీటీతో పాటు ప్లాస్టిక్ కవర్లో ఉండేవి కొన్ని. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు చేత పట్టుకెళ్ళేది ఆ కవరే. వంటింటి అలమరలో మరికొన్ని ఉంటాయి: నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు, పొద్దున్నే పరగడుపున తాగే కాకరరసం, ఎవరో బంధువు తెచ్చిచ్చిన కీళ్ళనొప్పుల చూర్ణం. ఇవి గడప దాటవు. ఇంకేమైనా వాడుతున్నారా అని డాక్టరు అడగరు. అడిగితే తిడతారేమోనన్న భయానికి ‘ఏం లేదండీ’ అన్న జవాబు నాలుక చివరే ఉంటుంది. దీర్ఘరోగులు ఇలా పక్కదారులు వెతుక్కోవడాన్ని ఒక వర్గం మూఢత్వమంటుంది, మరో వర్గం తాతలనాటి విజ్ఞానమంటుంది. వీళ్ళ వాదులాటలో అలమర తలుపు మూసే ఉండిపోతోంది. రోగి వెతుక్కోవడం వల్ల జరిగే చెరుపు కొంతే. దాచడం వల్ల జరిగేది చాలా ఎక్కువ. పైగా దాచేది రోగి ఒక్కడే కాదు, డాక్టరు కూడా.

ముందు వెతుకులాట సంగతి. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని తేల్చింది. వీళ్ళందరికీ ఆసుపత్రిలో వినిపించే మాట ఒకటే: బిళ్ళ జీవితాంతం వేసుకోవాలి. నాటువైద్యుడి దగ్గర వినిపించే మాట వేరు: మండలం రోజులు వాడండి, ఫలానావి తినకండి, తర్వాత కనిపించండి. మొదటిదాంట్లో గడువు లేదు, రోగి చేయాల్సిన పనీ పెద్దగా లేదు. రెండోదాంట్లో నలభై రోజుల లెక్క ఉంది, పథ్యం ఉంది, పట్టుదలగా ఉంటే నయమవుతుందన్న ఆశ ఉంది. ఆ ఆశ నిజమా అబద్ధమా అన్నది తర్వాతి ప్రశ్న. కౌలు గడువులు, అప్పు గడువులు, పంట గడువులతో బతికే మనిషికి రోగానికీ ఒక గడువు చెప్పే వైద్యం నచ్చడంలో వింతేముంది? పైగా కీళ్ళనొప్పులు, ఉబ్బసం పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బులు. బాధ బాగా ముదిరినప్పుడే మనిషి కొత్త వైద్యానికి వెళ్తాడు. అక్కడి నుంచి అది ఎలాగూ కొంత దిగుతుంది. ఆ దిగుదల పుణ్యం చివర మింగిన మందు ఖాతాలో పడుతుంది. ఏటా మృగశిర కార్తెకు హైదరాబాదులో బత్తిని కుటుంబం ఉబ్బసానికి పంచే కొర్రమీను ప్రసాదం మీద నమ్మకం తరతరాలుగా చెక్కుచెదరకపోవడానికి ఈ ఆటుపోట్లూ ఒక కారణం.

ఇక డాక్టరు మౌనం. ఒక మందుకు అనుమతి ఇచ్చేటప్పుడు అది ఏ జబ్బుకు, ఎంత మోతాదులో అన్నది ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ జాబితాలో లేని జబ్బుకు అదే మందు రాయడాన్ని ఆఫ్‌లేబుల్ వాడకం అంటారు. ఇది దొంగచాటు వ్యవహారమేమీ కాదు, ప్రపంచమంతటా రోజూ జరిగేదే. షుగరు ముదిరి అరికాళ్ళు మంటలెత్తితే రాసే ఎమిట్రిప్టిలిన్ అసలు డిప్రెషన్ కోసం వచ్చిన మందు. నీటిబుడగల అండాశయం ఉన్న ఆడపిల్లలకు రాసే మెట్‌ఫార్మిన్ షుగరు బిళ్ళ. రెండింటి వెనుకా తగిన ఆధారముంది. అయితే ఆ సంగతి రోగికి చెప్పేదెవరు? ఇంటికెళ్ళాక కొడుకో కూతురో ఫోన్‌లో ఆ పేరు కొట్టి చూస్తే ‘మానసిక వ్యాధికి వాడే మందు’ అని వస్తుంది. తనకు పిచ్చి పట్టిందనుకున్నారా అని ఆ మందు రాయించుకున్న పెద్దావిడ మనసు చివుక్కుమంటుంది. బిళ్ళలు ఆగిపోతాయి. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆపేశానని చెప్పదు. డాక్టరు మోతాదు పెంచుతారు. ఒక్క వాక్యం ముందే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు.

ఆఫ్‌లేబుల్ అనగానే అనుమానం వచ్చేవాళ్ళు మన తెలుగువాడి ప్రయోగశాలలో పుట్టిన మందు కథ తెలుసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములను స్ప్రూ అనే గ్రహణి వ్యాధి బలి తీసుకుంది. అదే జబ్బు ఆయన్నూ పట్టుకున్నప్పుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని జీవితచరిత్రకారులు రాశారు. తర్వాత లక్ష్మీపతి నడిపిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు పాఠాలు చెప్పారు. అమెరికా వెళ్ళాక లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకు అది మందయింది. ఆ ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే పదార్థాలూ అక్కడే పుట్టాయి, వాటిలో ఒకటి మెథోట్రెక్సేట్. అది కేన్సర్ మందు. ఆ జాతి మందు కీళ్ళవాతానికీ పనిచేస్తుందని 1951లోనే ఒక వైద్య బృందం రాసినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొద్దిమంది డాక్టర్లు మాత్రం చిన్న మోతాదులో ఆఫ్‌లేబుల్‌గా వాడుతూ, ఎవరికి తగ్గింది, ఎవరి కాలేయం చెడింది అన్నది రాసి పెట్టుకున్నారు. 1985లో కట్టుదిట్టమైన పరీక్షలు వెలువడ్డాయి. 1988లో అమెరికా ప్రభుత్వం దాన్ని కీళ్ళవాతం మందుగా ఒప్పుకుంది. ఈరోజు గుంటూరులో ఏ కీళ్ళ డాక్టరైనా మొదట తలుచుకునే మందుల్లో అదొకటి. పక్కన ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. సుబ్బారావు ప్రయోగశాలలో పుట్టిన రెండు మందులు ఒకే చీటీలో పక్కపక్కన కూర్చున్నాయన్నమాట. ముప్పై ఏడేళ్ళపాటు లేబుల్ మీద లేని మందును నిలబెట్టింది రాతకోతలే. మాటల కరువులో ఇదే మందు చంపగలదు కూడా. కీళ్ళవాతానికి దీన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఆ సంగతి విడమరిచి చెప్పకపోతే, అన్ని బిళ్ళల్లాగే రోజూ వేసుకున్న మనిషికి రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

మిరప కథా ఇలాంటిదే. కారానికి కారణమైన క్యాప్సెయిసిన్ నొప్పి తెలిపే నరాలను ఎక్కడ తాకుతుందో 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. 8 శాతం క్యాప్సెయిసిన్ ఉన్న పట్టీని షుగరు రోగుల పాదాల నొప్పికి వాడటానికి 2020లో అమెరికా అనుమతించింది. గుంటూరు సన్నం పండించే నేల మీద ఈ మాట విని ముచ్చటపడి అరికాళ్ళకు కారం ముద్ద పట్టించుకుంటే మాత్రం మిగిలేది పుండే. స్పర్శ చచ్చిన పాదానికి కాలుతున్నది తెలియదు. పట్టీని వైద్యుల పర్యవేక్షణలో లెక్కపెట్టిన నిమిషాలే ఉంచుతారు. సరుకు ఒకటే అయినా మోతాదు తెలిస్తే మందు, తెలియకపోతే వాత.

దాచిన మందు ఎలా దెబ్బ తీస్తుందో చూడాలంటే ఆ కీళ్ళనొప్పుల చూర్ణం దగ్గరే మొదలుపెట్టాలి. మూడోరోజుకే మోకాళ్ళు తేలికపడ్డాయంటే అందులో వేరుకన్నా స్టెరాయిడ్ ఉండే అవకాశాన్ని ముందు అనుమానించాలి. ఇలాంటి పొడుల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసోలోన్ కలుపుతున్నట్టు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడింది. స్టెరాయిడ్ ఆకలి పెంచుతుంది, మొహం నిండుగా చేస్తుంది, ఇంట్లోవాళ్ళు ఒళ్ళు చేసిందని సంతోషిస్తారు. షుగరునూ పెంచుతుంది. ఆసుపత్రిలో రిపోర్టు చూసిన డాక్టరు అన్నం ఎక్కువ తింటున్నావని కోప్పడి బిళ్ళ మోతాదు పెంచుతారు. చూర్ణం సంగతి ఆయనకు తెలియదు, స్టెరాయిడ్ సంగతి రోగికీ తెలియదు. ఒకరోజు చూర్ణం అయిపోతుంది. నెలల తరబడి బయటినుంచి స్టెరాయిడ్ అందిన ఒళ్ళు తన సొంత తయారీని మానేసి ఉంటుంది కాబట్టి నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం మొదలవుతాయి. మరోపక్క పెంచిన షుగరు బిళ్ళ పెంచినట్టే ఉంటుంది. ఇక అసలైన కాకరరసమే తాగినా, గ్లిమెపిరైడ్ వేసుకుని దాని మీద రసం తాగి, టిఫిన్ చేయకుండా మిరపకోతకు వెళ్తే ఎండలో షుగరు పడిపోవచ్చు. ఇంతా చేసి కాకర ఒక్కటే షుగరును తగ్గిస్తుందనడానికి 2012 నాటి కాక్రేన్ సమీక్షకు చాలినంత ఆధారం దొరకలేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది: మా తాతముత్తాతలు వాడిన ఆకులు, ఏమైనా అయ్యేదుంటే ఈపాటికి తెలియదా? తిన్న పూటే వాంతి తెప్పించే ఆకును ఊరు కచ్చితంగా గుర్తుపెట్టుకుంటుంది. పదేళ్ళ తర్వాత మూత్రపిండాన్ని ఎండగట్టే ఆకును గుర్తించడం అనుభవం వల్ల కాదు, రెంటికీ మధ్య దారం కనిపించదు. ఈ నల్లరేగడి చేలల్లోనే కలుపుగా మొలిచే గాడిదగడప కుటుంబానికి చెందిన మొక్కలు ఎన్నో దేశాల సంప్రదాయ వైద్యాల్లో ఉన్నాయి. 1990లలో బ్రస్సెల్స్‌లో సన్నబడటానికి మూలికల బిళ్ళలు వాడిన ఆడవాళ్ళకు వరసగా కిడ్నీలు పాడవుతుంటే, ఆ కొద్దిమంది వాడినదేమిటో డాక్టర్లు అడిగి రాసుకోబట్టి ఆ మొక్కల్లోని అరిస్టోలోకిక్ యాసిడ్ దొరికింది. ఇప్పుడది కచ్చితంగా కేన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో ఉంది. బోస్టన్ దుకాణాల్లో అమ్మే 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 14 రకాల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2004లో తేల్చారు. మిగతా 56 రకాల్లో అవి దొరకలేదన్న సంగతీ చెప్పుకోవాలి. కరోనా కాలంలో కంచెల మీది తిప్పతీగకు గిరాకీ పెరిగాక, దాన్ని వాడి కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను హైదరాబాదు వైద్యులతో కూడిన బృందం 2022లో ప్రచురించింది. తప్పు తిప్పతీగది కాదనీ, దాన్ని పోలిన వేరే తీగను వాడి ఉండొచ్చనీ ఆయుష్ మంత్రిత్వశాఖ వాదన. కావచ్చు. ఏ తీగో తేలాలన్నా రోగి దాన్ని తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టాలి కదా.

మరి డాక్టర్లదంతా ఒప్పేనా? ఆహారం మార్చి షుగరు బిళ్ళలు మానొచ్చన్న మాటను చాలాకాలం నవ్వి కొట్టిపారేశారు. 2017, 2018లలో వీరమాచనేని రామకృష్ణ ఆహార విధానం కోసం ఊళ్ళకు ఊళ్ళు అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు కొంటున్నప్పుడు, కాదన్నవాళ్ళు ఎక్కువే గానీ, సరే చేయండి, ఏ బిళ్ళ ముందు ఆపాలో మేం చెబుతాం అన్నవాళ్ళు తక్కువ. సరిగ్గా 2017లోనే బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం వెలువడింది. రోజుకు సుమారు 850 కేలరీల ఆహారంతో కొన్ని నెలలు గడిపి బరువు తగ్గినవాళ్ళ బృందంలో ఏడాదికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 4 శాతానికే. రెండేళ్ళకు 46 కాస్తా 36 అయింది. అంటే నయమై ఊరుకునేది కాదు, కాచుకోవలసిందే. అక్కడి పథ్యం, మన దగ్గర ప్రచారమైన పథ్యం ఒకటి కావు. అక్కడ మొదటిరోజే షుగరు, బీపీ బిళ్ళలు ఆపించింది వైద్య బృందమే, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో చూసిందీ వాళ్ళే. ఇక్కడ చాటుగా అన్నం మానేసి డపాగ్లిఫ్లోజిన్ మింగుతూ కూర్చుంటే, మీటర్లో షుగరు పెద్దగా పెరగకుండానే రక్తంలో కీటోన్లు పేరుకుని ఐసీయూ పాలవ్వొచ్చు. ఎక్కువగా చిన్నతనంలో వచ్చే టైప్ 1 రకంలో ఇన్సులిన్ మానడమంటే చావును పిలవడమే.

రోగి ఇంట్లో ఇంకేం వాడుతున్నాడో అడుగుతూ కూర్చుంటే నాటువైద్యానికి డాక్టరే ముద్ర వేసినట్టు కాదా అని హేతువాదుల భయం. వాడుతున్నావా అని అడగడానికీ వాడు అని చెప్పడానికీ చాలా దూరముంది. పొగాకు అలవాటుందా అని అడిగిన డాక్టరు చుట్టకు ముద్ర వేశారని ఎవరూ అనుకోరు. షుగరు నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచే ఉన్నా ఏ టీవీలోనూ ఆ ప్రకటనలు ఆగలేదు. 2024లో సుప్రీంకోర్టు పతంజలి యాజమాన్యం చేత పత్రికల్లో క్షమాపణలు వేయించేదాకా వెళ్ళింది. చట్టం అమ్మేవాడి నోరు కట్టాలి, కట్టి తీరాలి. కొనేవాడి నోరు మాత్రం కట్టేయకూడదు. తిట్టిన ప్రతిసారీ జరుగుతున్నది అదే.

అసలైన అడ్డంకి టైము. 67 దేశాల లెక్కలతో 2017లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం మన దేశంలో డాక్టరు ఒక రోగితో గడిపేది సుమారు రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో వంటింటి అలమర తలుపు తెరుచుకోదు. అందుకే ఈ పని డాక్టరు గదికి ముందే జరగాలి. గ్రామాలకు వచ్చే 104 వాహనం దగ్గర బీపీ చూసే చేతులే, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలే, ‘అత్తా, ఆ కవరుతో పాటు ఈ పొడి డబ్బా కూడా పట్టుకురా, ఎవరూ ఏమనరులే’ అనగలరు. వాళ్ళకు ఆ ఊరి ఆర్‌ఎంపీ వేసే సూదులేమిటో, ఏ ఊరి నుంచి ఏ చూర్ణం వస్తుందో ఇప్పటికే తెలుసు. మందుల దుష్ప్రభావాలను రోగులే నేరుగా చెప్పుకోవడానికి 1800-180-3024 అనే ఉచిత నంబరు కూడా ఉంది. ఆ నంబరు మందుల షాపుల గోడల మీద కనిపించడం అరుదు, మోకాళ్ళనొప్పుల నూనె పోస్టరు మాత్రం ప్రతి గోడ మీదా ఉంటుంది. ఓపీ చీటీలో పేరు, వయసు, బరువు, బీపీ, షుగరు రాసే గళ్ళు ఎలాగూ ఉంటాయి. ఇంట్లో ఇంకేం వాడుతున్నారు, బయట ఎవరైనా సూదులు వేస్తున్నారా అన్న ఇంకో గడి కొట్టించడానికి సిరా ఖర్చు తప్ప ఏమీ కాదు. ఆ గడి కిందే డాక్టరు రాయడానికి ఒక చిన్న వరస: ఈ బిళ్ళ ఎందుకు ఇస్తున్నానో.