మేటి పుంజును అమ్మేయకండి!

సంక్రాంతి వస్తోందంటే అసీల్ పుంజులకు ఎక్కడలేని గిరాకీ. ధర పలికింది కదాని మేటివన్నీ అమ్మేస్తే, మిగిలిన నాసి పుంజులతోనే మంద పెంచుకోవాలి. రెండు మూడు తరాల్లో జాతి లక్షణమే పోతుంది. అందుకే విత్తనపు కోళ్లను ముందే పక్కన పెట్టాలి.

రెండో నెలలో తొలి వడపోత. ముక్కు, కాలివేళ్లు వంకరగా ఉంటే తీసేయాలి. చేత్తో తడిమితే రొమ్ము ఎముక తిన్నగా తగలాలి. అసీల్ ఎదుగుదల నిదానం. త్వరగా బలిసిందే మేలైనదని తొందరపడొద్దు. తుది ఎంపిక ఎనిమిదో నెల తర్వాతే. అప్పుడు నిలబడే తీరు, కాళ్ల బలం చూడాలి.

ఇవి గుడ్లు తక్కువే పెడతాయి గానీ, పొదగడంలో దిట్టలు. అందుకే పెట్టను ఎంచేటప్పుడు తల్లి ఎలా పొదిగిందో, పిల్లల్ని ఎలా సాకిందో గుర్తుచేసుకోండి. తోబుట్టువులను మాత్రం జత కట్టించొద్దు. కాలికి రింగు తొడిగి, ఏ తల్లి పిల్లో పుస్తకంలో రాసుకుంటే ఆ తికమక ఉండదు.