మీకు తెలుసా? పులికాట్ బురదలో పూసల నత్త

ఆంధ్ర తీరానికి దక్షిణ కొసన ఉన్న పులికాట్ సరస్సు బురద నేలల్లో ఓ చిన్న నత్త గుంపులు గుంపులుగా బతుకుతుంది. శాస్త్రీయ నామం పిరెనెల్లా సింగ్యులాటా. 1791లో జర్మన్ శాస్త్రవేత్త గ్మెలిన్ దీన్ని తొలిసారి వర్ణించాడు.

• సూది మొనలాంటి గుల్ల పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. నిలువు గట్లను అడ్డగీతలు కోయడంతో ప్రతి చుట్టు మీదా పూసల వరసలు తేలతాయి.

• బురద మీది సన్నని నాచుపొర, కుళ్లిన ఆకుల తునకలే దీని ఆహారం.

• ఆటు సమయంలో నీరు వెనక్కి తగ్గితే లోపలికి ముడుచుకుని మూత బిగిస్తుంది. ఒంట్లో తడి ఆరిపోదు.

• నత్త చనిపోయాక ఖాళీ గుల్లలో సన్యాసి పీతలు కాపురం పెడతాయి.

అందుకే తీరంలో గుల్ల ఏరేముందు తిప్పి చూడండి. లోపల ప్రాణముంటే అక్కడే వదిలేయండి.