మన ఇంటి సెల్‌ఫోనూ, కంప్యూటరూ: కొన్ని జాగ్రత్తలు

ఇవి రేడియోలో పావుగంటలో చెప్పిన సంగతులు. పత్రికలో వేస్తామన్నారు గనక, అప్పుడు టైము చాలక వదిలేసిన రెండు మూడు మాటలు కూడా చేర్చి రాస్తున్నాను.

మాది పెదబయలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, ఒడిశా సరిహద్దుకి దగ్గరగా వున్న కొండ ప్రాంతం. మత్స్యగెడ్డ మా మండలంలోంచే పారుతుంది. “అంత కొండల్లో వుండే ఆవిడ పట్నంలో వున్న మనకి సెల్‌ఫోన్ల గురించీ, కంప్యూటర్ల గురించీ చెప్పడమేమిటమ్మా?” అని మీకు అనిపించవచ్చు. నిజమే, నేను చదివింది పదో తరగతి. కానీ ఒక్క సంగతి చూడండి. మీకు సెల్లు పాడైతే వీధి చివర బాగుచేసే కొట్టు వుంటుంది. మేమైతే పాడేరు వెళ్ళాలి. అక్కడా కాదంటే ఘాట్‌రోడ్డు దిగి విశాఖపట్నం వెళ్ళాలి. బస్సు ఛార్జీలూ, పోయిన పనీ లెక్కవేసుకుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అంచేత వస్తువు పాడయ్యాక ఏం చెయ్యాలా అని కాకుండా, పాడవకుండా ఎలా చూసుకోవాలా అని ఆలోచించడం మాకు అలవాటైంది. ఆ అలవాటు మీకూ పనికొస్తుందని నా నమ్మకం.

అయితే ఆ అలవాటు నాకు ఊరికే రాలేదు. ఒకటి పోగొట్టుకున్నాకే వచ్చింది. ముందు అది చెబుతాను.

మూడేళ్ళ కిందట శ్రావణ మాసంలో సంతనుంచి వస్తున్నాను. దారిలో వాన పట్టుకుంది. గొడుగు వుంది గాని ఫోను బుట్టలో కూరల మధ్య వుంది. ఇంటికొచ్చి చూస్తే నీళ్ళోడుతోంది. నేనేం చేశానో చెప్పనా? పనిచేస్తోందో లేదో అని నాలుగుసార్లు మీట నొక్కి చూశాను. వెలగకపోతే ఛార్జింగు పెట్టాను. అదీ కాకపోతే ఎవరో చెప్పారు కదా అని బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాను. మర్నాటికి ఫోను పూర్తిగా చచ్చిపోయింది. అందులో మా అమ్మ గొంతు వుంది. ఆవిడ పోవడానికి ముందు, ఒక సాయంత్రం కూచోబెట్టి ఆవిడకి వచ్చిన దంపుళ్ళ పాటలన్నీ రికార్డు చేసుకున్నాను. అవన్నీ ఆ ఫోనుతోనే పోయాయి.

పట్నంలో బాగుచేసే అబ్బాయి ఒకటే మాట అన్నాడు. “నీళ్ళు చేసిన చెరుపు తక్కువమ్మా, తడిమీద మీరు కరెంటు ఎక్కించారే, అదే చంపేసింది” అని. ఆ మాట నేను మరిచిపోలేదు. మీరూ మరిచిపోకండి. వాన నీళ్ళయినా, కుళాయి నీళ్ళయినా వాటిలో లవణాలు కరిగి వుంటాయి. అటువంటి తడిమీద కరెంటు పారితే ఫోనులోపల వెంట్రుకంత సన్నంగా వుండే లోహపు గీతలు తుప్పుపట్టి తెగిపోతాయి. ఒకచోట పారవలసిన కరెంటు ఇంకోచోట పారి ముక్కలు కాలిపోతాయి.

కాబట్టి ఫోను తడిస్తే చెయ్యవలసినవి ఇవీ. వెంటనే ఆపుచెయ్యండి. అప్పటికే ఆగిపోయి వుంటే వెలిగించి చూడకండి. పొడిగుడ్డతో తుడిచి, పైతొడుగు తీసేసి, సిమ్ము పెట్టే చిన్న పళ్ళెం బయటికి లాగండి. ఛార్జింగు కన్నం కిందికి వచ్చేలా పట్టుకుని అరచేతిమీద మెల్లిగా తట్టండి. విదిలించి కొట్టకండి, నీళ్ళు ఇంకా లోపలికి పోతాయి. తరవాత ఫ్యాను గాలి తగిలేచోట కనీసం ఒక రోజంతా వదిలెయ్యండి. ఎండలోనూ, పొయ్యి దగ్గరా పెట్టకూడదు. జుట్టు ఆరబెట్టుకునే యంత్రమూ వద్దు. ఆ వేడికి లోపలి జిగురూ, బ్యాటరీ దెబ్బతింటాయి.

మరి బియ్యం మాటేమిటంటారా? మనందరం విన్న చిట్కాయే. కానీ తడి పీల్చడంలో మామూలు గాలికంటె బియ్యం గొప్పేమీ కాదు. పైగా తవుడూ, నూకా కన్నాల్లో ఇరుక్కుంటాయి. ఆపిల్ కంపెనీవారు కూడా 2024లో, తడిసిన ఫోన్లను బియ్యంలో పెట్టవద్దని తమ సూచనల్లో చేర్చారు. అంచేత బియ్యం అన్నానికే వుంచుదాం.

కొత్త ఫోన్లు కొన్నింటిని నీళ్ళు చొరవని ఫోన్లని అమ్ముతున్నారు. డబ్బామీద ఐపీ 67, ఐపీ 68 అని వుంటుంది. ఆ పరీక్ష చేసేది మంచినీళ్ళతో. సబ్బునీళ్ళూ, వేణ్ణీళ్ళూ, సముద్రపు నీళ్ళూ ఆ లెక్కలో లేవు. ఫోను పాతబడినకొద్దీ ఆ కాపుదల తగ్గుతుంది కూడాను. నేనిప్పుడు సంతకి వెళితే రెండు రూపాయల ప్లాస్టిక్ సంచీలో ఫోను వేసి మూతి ముడిచి తీసుకువెళుతున్నాను.

కంటికి కనబడని తడి ఇంకొకటి వుంది. మా దగ్గర చలికాలం తెల్లవారు జామున మంచు కమ్ముకుంటుంది. బయట చల్లబడిన ఫోనుని తెచ్చి పొయ్యి పక్కన పెడితే, చెంబులో చన్నీళ్ళు పోస్తే బయట చెమర్చినట్టు ఫోను కూడా చెమరుస్తుంది. విశాఖపట్నంలో, కాకినాడలో వుండేవారికి ఇది ఇంకోలా జరుగుతుంది. ఏసీ గదిలో చల్లగా వున్న లాప్‌టాప్‌ని ఉక్కపోతలోకి తెచ్చి వెంటనే తెరిస్తే అదే చెమట పడుతుంది. సంచీలోనే అరగంట వుంచి, గది వేడికి వచ్చాక తియ్యండి. వాడకుండా బీరువాలో పెట్టిన కెమెరాలకీ, పాత ఫోన్లకీ తోడుగా, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు రెండు వెయ్యండి. పిల్లల చేతికి మాత్రం అందనివ్వకండి. మా వూళ్ళో పసుపైనా, మిరియాలైనా బాగా ఎండనిదే మూట కట్టరు. తేమతో మూట కడితే బూజు పడుతుంది. ఈ వస్తువులకీ అదే సూత్రం.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. ఫోన్లలో, లాప్‌టాప్‌లలో వుండేది లిథియం అయాన్ బ్యాటరీ. ఇది మొదట అమ్మకానికి వచ్చింది 1991లో. దీన్ని తయారుచెయ్యడానికి దారి వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. పాతకాలపు నికెల్ బ్యాటరీలని పూర్తిగా ఖాళీ చేశాకే ఎక్కించాలనేవారు. ఆ మాట దీనికి వర్తించదు. మనం ఒకపూట కడుపు మాడ్చుకుని, ఇంకోపూట మెడదాకా తింటే ఎలా వుంటుందో దీనికీ అంతే. 20 శాతానికి తగ్గకుండా, రోజూ నూటికి నూరూ నింపకుండా 80 దగ్గర ఆపితే ఎక్కువ కాలం మన్నుతుంది.

దీనికి అసలు పగ వేడి. తలగడ కింద పెట్టి ఛార్జింగు చెయ్యడం, ఎండలో ఆపిన కారులో వదిలెయ్యడం, గ్యాసు పొయ్యి గట్టుమీద పెట్టి వంట వీడియోలు చూడడం, ఈ మూడూ మానండి. బ్యాటరీ ఉబ్బి ఫోను వీపు లేచినట్టు కనిపిస్తే ఇక ఛార్జింగు పెట్టనే వద్దు. సూదితో గుచ్చకూడదు, నొక్కకూడదు, చెత్తబుట్టలో పారెయ్యకూడదు. మంట లేస్తుంది. బాగుచేసే కొట్టుకి జాగ్రత్తగా అప్పగించండి.

ఛార్జింగు విలువ మాకు తెలిసినట్టు మీకు తెలియదేమో. నిరుడు వానాకాలంలో మా పక్కింటి అమ్మాయికి రాత్రివేళ నొప్పులు మొదలయ్యాయి. ఆ పూటంతా కరెంటు లేదు. ఇంట్లో మూడు ఫోన్లున్నాయి, మూడూ ఖాళీ. మా ఫోనులో కొంచెం మిగిలి వుంది గనక, మావారు సిగ్నలు దొరికే మిట్టమీదికి పరుగెత్తి 108కి ఫోను చేశారు. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారనుకోండి. అయినా ఆ రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి. అప్పట్నించీ, మబ్బు పడితే చాలు, ముందుగా ఫోన్లు ఎక్కించుకోవడం మా ఇంట్లో నియమం. ఇంకో చిట్కా. సిగ్నలు అందనిచోట ఫోను టవరు కోసం వెతుకుతూనే వుండి బ్యాటరీని తాగేస్తుంది. అటువంటిచోట విమానం బొమ్మ వున్న మీట నొక్కి వుంచితే ఛార్జింగు నిలుస్తుంది. రైలు ప్రయాణాల్లో మీకూ ఇది పనికొస్తుంది.

కరెంటు గురించి రెండు మాటలు. మన ఇళ్ళకి రావలసింది 230 వోల్టులు. ఉరుములూ, మెరుపులప్పుడు తీగల వెంట ఒక్కసారిగా వచ్చే కరెంటు ఎంతో ఎవరు చెప్పగలరు? అంచేత స్విచ్చి కట్టేస్తే సరిపోదు. ఉరుము దూరంగా వున్నప్పుడే ప్లగ్గులు ఊడదియ్యండి. నెత్తిమీదికి వచ్చాక ప్లగ్గుల జోలికి వెళ్ళకండి. ఇంటర్నెట్టు వైరు కూడా తియ్యాలి, చాలామంది దాన్ని మరిచిపోతారు. పిడుగుల సూచన ముందుగా తెలియడానికి పుణేలోని కేంద్ర ప్రభుత్వ వాతావరణ పరిశోధన సంస్థవారు చేసిన దామిని అనే యాప్ వుంది. మూడు కాళ్ళ ప్లగ్గులో పొడుగ్గా, లావుగా వుండే కాలు ఎర్తుది. పట్టడం లేదని దాన్ని విరగ్గొట్టేవాళ్ళని చూశాను. అది మన ప్రాణం కాపాడే కాలమ్మా!

పిల్లల కంప్యూటరు తడిమి చూస్తే కాలిపోతోందంటారు. దాన్ని పరుపుమీద పెట్టి వాడుతున్నారేమో చూడండి. అడుగునా, పక్కనా వుండే గాలి కన్నాలు మూసుకుపోతే వేడెక్కక ఏం చేస్తుంది? బల్లమీద పెట్టించండి. ఆపుచేసి, ప్లగ్గు తీసి, మెత్తటి కుంచెతో కన్నాల దుమ్ము తుడవండి. తడిగుడ్డ పెట్టకండి. రాస్తున్నది పోకుండా కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కుతూ వుండాలనీ, పొరపాటున చెరిపేస్తే కంట్రోల్, జెడ్ నొక్కితే తిరిగి వస్తుందనీ తెలుసుకుంటే మీరే పిల్లలకి చెప్పవచ్చు.

ఫోను నిండిపోయి నత్తనడక నడుస్తోందంటే చాలావరకు కారణం పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు! వాట్సాప్ సెట్టింగుల్లో స్టోరేజీ అనేచోటికి వెళితే ఏది ఎంత చోటు తింటోందో కనబడుతుంది. పెద్ద వీడియోలు చూసి చూసి తీసెయ్యండి. బొమ్మలు వాటంతట అవే దిగకుండా అక్కడే ఆపుచెయ్యవచ్చు.

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది. ఫోను పోతే డబ్బు పెట్టి ఇంకోటి కొనుక్కుంటాం. లోపలున్నది కొనుక్కోలేం. పోగూడదనుకున్న ఫొటో అయినా, గొంతు అయినా రెండుచోట్ల వుండాలి. ఒకటి ఫోనులో, రెండోది పెన్‌డ్రైవులోనో, గూగుల్ వారు ఉచితంగా ఇచ్చే 15 జీబీ చోటులోనో. నెలకోసారి, కరెంటు బిల్లు కట్టేనాడు ఈ పని పెట్టుకుంటే మరిచిపోరు. మరో మాట. మీవారి నంబరూ, పిల్లల నంబరూ చూడకుండా చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. ఇప్పుడు పోపుడబ్బా పక్కన చిన్న పుస్తకంలో రాసి పెట్టాను. అందులోనే ఫోను గుర్తింపు సంఖ్య కూడా రాసుకోండి. నక్షత్రం, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే 15 అంకెలు కనబడతాయి. ఫోను ఎవరైనా ఎత్తుకుపోతే పోలీసు ఫిర్యాదు ఇచ్చి, కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన సంచార్ సాథీలో ఆ సంఖ్యతో ఫోను పనిచెయ్యకుండా ఆపించవచ్చు.

ఇంటికి తాళం వేసి తాళంచెవి దొంగ చేతికివ్వం కదా. ఓటీపీ అనే ఆ అంకెలు అటువంటివే. బ్యాంకువాళ్ళమన్నా, పోలీసులమన్నా ఎవరికీ చెప్పకండి. డబ్బు మన ఖాతాలో పడడానికి పిన్ను కొట్టనక్కరలేదు. కొట్టమన్నారంటే అది తీసుకుపోయేవాడే. వీడియోలో కనబడి “మిమ్మల్ని అరెస్టు చేశాం” అనే పోలీసు వుండడు, ఫోనులో అరెస్టు చెయ్యడమనేది మన చట్టంలో లేదు. మోసపోయామని తెలిస్తే సిగ్గుపడి కూచోకుండా వెంటనే 1930కి ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

అమ్మ పాటలు పోయాయని చెప్పాను కదూ. మొన్న సంక్రాంతికి మా చెల్లెలు వచ్చింది. మాటల్లో తన ఫోను తీసి వినిపించింది. అప్పుడెప్పుడో నేనే పంపానట, ఒక్క పాట. పాట మధ్యలో అమ్మ దగ్గి, “ఆగవే, ఊపిరి తీసుకోనీ” అనడం కూడా వుంది. మిగిలినవేవీ లేవు. ఆ ఒక్కటీ దక్కిందంటే నా తెలివివల్ల కాదు, రెండోచోట వుండబట్టి.

మీ ఫోనులో అటువంటిది ఏముందో ఈ సాయంత్రం ఒకసారి చూసుకోండి. చూసుకుని, ఇంకోచోట దాచండి. సెలవు.