ఊద్ నుండి ల్యూట్ వరకు: వివాల్డీ కృతికి తగిన వాద్యం ఏది?

మన ఇళ్ళలో వెలిగించే ఊదుబత్తికి, యూరపు సంగీతశాలల్లో మోగే ల్యూట్ అనే తంత్రీవాద్యానికి సంబంధం ఉందంటే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. అరబీలో 'ఊద్' అంటే కట్టె. సుగంధపు కట్టెకూ అదే పేరు, కట్టెతో చేసిన వాద్యానికీ అదే పేరు. 'అల్-ఊద్' అన్న మాటే యూరపు భాషల్లో 'ల్యూట్' అయింది. ఆరాంఘర్ కూడలి నుండి తూర్పుగా చాంద్రాయణగుట్ట వైపు వెళితే వచ్చే బార్కస్, నిజాం సైన్యంలో చేరిన హజ్రమౌత్ అరబ్బుల బస్తీ. వారి మర్ఫా మోత హైదరాబాదు పెళ్ళిళ్ళలో వినని వారు అరుదు. అరబ్బుల ఊద్ గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ.

(సంగీతం విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు తెలిసినవే. ఈ వ్యాసం వాద్య చరిత్ర వరకే.)

అల్-కిందీ, అల్-ఫారాబీ వంటి పండితులు స్వరాల లెక్కలను ఊద్ తంత్రుల మీదనే వివరించారు. 822లో కొర్దొబా చేరిన జిర్యాబ్ దానికి అయిదో తంత్రి చేర్చాడనీ, గద్ద ఈకతో మీటాడనీ చెబుతారు. అందలూసియా, సిసిలీల మీదుగా ఈ వాద్యం యూరపు చేరింది. అక్కడ మెడకు పేగు తాళ్ళతో మెట్లు కట్టారు. పదిహేనో శతాబ్దం చివరికి ఈకను వదిలి వేళ్ళతో మీటసాగారు. తరువాత రెండు వందల ఏళ్ళలో అది ఒకే వాద్యంగా మిగలలేదు, ఒక కుటుంబమే అయింది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇటలీ స్వరకర్త వివాల్డీ (1678–1741) 1730 ప్రాంతంలో బొహీమియాకు చెందిన వ్రత్బా ప్రభువు కోసం ఒక కన్చెర్టో రాశాడు. ల్యూట్, రెండు వయొలిన్లు, మంద్రవాద్యం దాని మేళం. జాబితాలో దాని సంఖ్య ఆర్.వి. 93. నేడు చాలామంది దీన్ని గిటారు మీదనే విని ఉంటారు. వివాల్డీ 'ల్యూట్' అని రాశాడే గాని, ఏ ల్యూటో చెప్పలేదు.

థియోర్బోను ముందే పక్కన పెట్టవచ్చు. దాని తీగలు మరీ పొడవు. పై రెండు తీగలను అసలు శ్రుతికి బిగిస్తే తెగిపోతాయి గనుక ఒక స్థాయి దించి కడతారు. పాటకు తోడుగా మోగించడానికి అది దివ్యంగా ఉంటుంది. కాని వరుసగా పైకి పోయే రాగం దాని మీద మధ్యలో విరిగి కిందికి దూకుతుంది. ఆర్చ్‌ల్యూట్‌కు ఆ లోపం లేదు. పై తీగ పైనే ఉంటుంది, మంద్రతీగలకు వేరే పొడవైన మెడ ఉంటుంది. వివాల్డీ నాటి ఇటలీలో వాడుకలో ఉన్నది ఇదే. బొహీమియా, జర్మనీ ప్రాంతాల్లో మాత్రం పదమూడు వరుసల ల్యూట్ నడిచేది. దాని పై ఆరు వరుసలను డి మైనర్ స్వరాలకు శ్రుతి చేసేవారు. రాసినవాడు ఇటలీవాడు, రాయించుకున్నవాడు బొహీమియావాడు!

మరో చిక్కు రాతలో ఉంది. ల్యూట్ భాగం వయొలిన్ భాగంలాగే తారస్థాయి గుర్తుతో రాసి ఉంది. రాసినట్లే మోగించాలంటే మాండొలిన్‌కు దగ్గరగా ఉండే చిన్న ల్యూట్ కావాలి. ఒక స్థాయి దించి చదివితే ఆర్చ్‌ల్యూట్ సరిపోతుంది. నిదానంగా సాగే నడిమి భాగంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. అక్కడ వయొలిన్లు స్వరాలను సాగదీస్తుంటే ల్యూట్ ఒంటరిగా రాగం పలుకుతుంది. చిన్న వాద్యమైతే ఆ రాగం తేటగా పైన తేలుతుంది. పెద్దదైతే వయొలిన్ల కిందికి దిగి గంభీరమవుతుంది. నా మొగ్గు ఆర్చ్‌ల్యూట్ వైపే. అయితే బొహీమియా ల్యూట్ పట్టినవాణ్ణి తప్పుపట్టలేము.

ఏది ఎంచుకున్నా ల్యూట్ గొంతు చిన్నది. 1740లో వెనీసులో సాక్సనీ యువరాజు ఎదుట వినిపించిన మరో కన్చెర్టో (ఆర్.వి. 540)లో వయోలా దమోరెకు జతగా ల్యూట్ ఉంది. అందులో వివాల్డీ తక్కిన తంత్రీవాద్యాలన్నింటికీ ధ్వని తగ్గించే బిళ్ళలు తగిలించమని రాశాడు. ఆర్.వి. 93కు అలాంటి ఆదేశం లేదు గనుక వయొలిన్ భాగానికి ఒక్కరి చొప్పున కూర్చోబెట్టడమే మేలు.