పత్తి కట్టెతో ఇంట్లో కరెంటు వస్తుందా?

నందిగామ నుంచి జగ్గయ్యపేట వైపు వెళ్తుంటే మన మెట్టలో కట్టె రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి పేపర్ మిల్లులకి లారీల్లో వెళ్లే సుబాబుల్ కర్ర. రెండోది ఏరడం అయిపోయాక చేలోనే మంట పెట్టేసే పత్తి కట్టె. మొదటిదాని రేటు ఎప్పుడు పడిపోతుందో రైతుకి తెలీదు, రెండోదానికి అసలు రేటే లేదు. ఈ పరిస్థితిలో ఎవరైనా పాత డ్రమ్ములో కట్టెలు వేసి, వచ్చిన గ్యాస్‌తో జనరేటర్ నడిపే వీడియో చూస్తే ఆశ పుట్టడం సహజం. అది మోసం కాదు, నిజంగానే నడుస్తుంది. కానీ మన ఇంటికి పనికొస్తుందా అన్నది వేరే లెక్క.

ముందు ఒక చిన్న ప్రయోగం. కొవ్వొత్తి ఆర్పగానే లేచే తెల్లటి పొగకి అగ్గిపుల్ల చూపించండి. మంట పొగ వెంట కిందికి పాకి వత్తిని మళ్లీ అంటిస్తుంది. అంటే మండేది మైనం కాదు, దాని ఆవిరి. కట్టె సంగతీ దాదాపు అంతే. వేడికి కట్టెలోంచి వాయువులు బయటికొస్తాయి, మనం చూసే మంట వాటిదే. మిగిలిన బొగ్గు తర్వాత నెమ్మదిగా కాలుతుంది.

గ్యాసిఫైయర్ చేసే పని ఈ రెంటినీ విడదీయడం. కట్టె పూర్తిగా మండటానికి కావాల్సిన గాలిలో పావు నుంచి మూడో వంతు మాత్రమే లోపలికి వదులుతాం. కట్టె ముందు ఎండుతుంది, తర్వాత బొగ్గుగా, పొగగా విడిపోతుంది. కొంత భాగం మండి వెయ్యి డిగ్రీలు దాటే వేడి పుట్టిస్తుంది. అక్కడ తయారైన కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎర్రగా కాలుతున్న బొగ్గు గుండా వెళ్లినప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌గా, హైడ్రోజన్‌గా మారతాయి. బయటికొచ్చే గ్యాస్‌లో ఇంచుమించు 20 శాతం కార్బన్ మోనాక్సైడ్, 15 నుంచి 20 శాతం హైడ్రోజన్, కొద్దిగా మీథేన్ ఉంటాయి. దాదాపు సగం మాత్రం గాలిలోంచి వచ్చిన నైట్రోజనే, అది మండదు.

అందుకే ఈ గ్యాస్ బాగా పలచన. మన 14.2 కిలోల సిలిండర్‌లో ఉన్నంత శక్తిని దీని రూపంలో దాచాలంటే 10 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు నాలుగున్నర కావాలి. కాబట్టి దాచుకునే మాటే లేదు, ఎప్పటికప్పుడు తయారుచేసి వాడాల్సిందే.

కట్టె లెక్క చూస్తే మాత్రం ఊరిస్తుంది. బాగా నడిచే యూనిట్‌లో ఒకటింపావు నుంచి ఒకటిన్నర కిలోల ఎండు కట్టెకి ఒక యూనిట్ కరెంటు వస్తుంది. రోజుకి నాలుగు యూనిట్లు వాడే ఇంటికి ఐదారు కిలోలు చాలు. మన చేలల్లో అది ఒక లెక్కా?

చిక్కంతా తారు దగ్గర. పొగలోని జిగట పదార్థం పూర్తిగా విడిపోవాలంటే లోపల వేడి తగ్గకూడదు. రాత్రిపూట ఇంట్లో తిరిగేది రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్. అంత తక్కువ లోడ్‌కి గ్యాస్ తక్కువ లాగుతాం, లోపల వేడి పడిపోతుంది, తారు పెరుగుతుంది. అది వెళ్లి ఇంజన్ వాల్వులకి అతుక్కుంటుంది. దాన్ని ఆపడానికి సైక్లోన్, నీళ్లతో కడిగే స్క్రబ్బర్, రంపపు పొట్టు ఫిల్టర్ పెడతారు. కడిగిన నీళ్లు విషం, బోరు పక్కన పారబోయడానికి లేదు. పత్తి కట్టెకి ఇంకో జబ్బు ఉంది. తేలిక కాబట్టి పుల్లలు ఒకదానికొకటి అడ్డం పడి డ్రమ్ములో కిందికి దిగవు. ఓఎస్ క్లాసులో చెప్పే డెడ్‌లాక్ ఇదే, కాకపోతే ఇక్కడ కర్రతో పొడవాలి.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకి కరువొచ్చినప్పుడు మన దగ్గర బొగ్గు బస్సులు తిరిగాయని పెద్దవాళ్లు చెప్తారు కదా, అవి ఈ సూత్రంతో నడిచినవే. వాటిలో వేసింది కట్టెబొగ్గు. బొగ్గు చేసేటప్పుడే తారు చాలావరకు పోతుంది కాబట్టి ఇంజన్ బతికింది. పెట్రోలు దొరకడం మొదలవగానే అందరూ వాటిని వదిలేశారు. ఎందుకో అర్థమవుతూనే ఉంది.

ఊరంతటికీ కలిపి పెడితే సంగతి మారుతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు 1988లో తుముకూరు జిల్లా హోసహళ్లిలో చిన్న గ్యాసిఫైయర్ పెట్టారు. ఇళ్లకి దీపాలు, తాగునీళ్లు, పిండి మర దాంతోనే. పదేళ్లకి పైగా నడిచింది. దానికోసం ప్రత్యేకంగా చెట్లు పెంచారు, నడపడానికి శిక్షణ పొందిన మనుషులు ఉన్నారు. ఒక్క ఇంట్లో రోజూ కట్టె కొట్టి, ఫిల్టర్ మార్చి, బూడిద తీసేది ఎవరు? నా అనుమానం, చివరికి అది అమ్మల నెత్తినే పడుతుంది.

వీడియోల్లో సరిగ్గా చెప్పనిది కార్బన్ మోనాక్సైడ్ గురించి. రంగు లేదు, వాసన లేదు. గదిలో గాలిలో నూటికి ఒక వంతు చేరినా నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఈ గ్యాస్‌లో అది నూటికి 20 వంతులు. కాబట్టి గ్యాసిఫైయర్ వసారాలో కూడా వద్దు, ఇంటికి దూరంగా ఆరుబయటే ఉండాలి.

కరెంటు వదిలేసి వేడి వరకే చూస్తే నాకు ఇది బాగా నచ్చింది. గ్యాసిఫైయర్ పొయ్యిలో గ్యాస్‌ని చల్లార్చక్కర్లేదు, కడగక్కర్లేదు. తారు కూడా అక్కడికక్కడే మండిపోతుంది. నిలువు డబ్బాలో ముక్కలు నింపి పైనుంచి అంటిస్తారు. కింద రంధ్రాల నుంచి కొద్దిగా గాలి, పై అంచు దగ్గర ఎక్కువ గాలి. మంట నీలం పసుపు కలిసి, దాదాపు పొగ లేకుండా వస్తుంది. మూడు రాళ్ల పొయ్యి కట్టె శక్తిలో పది పదిహేను శాతమే గిన్నెకి ఇస్తే, మంచి గ్యాసిఫైయర్ పొయ్యి 30 శాతం దాటుతుంది. హైదరాబాద్‌కి చెందిన డాక్టర్ సాయి భాస్కర్ రెడ్డి ఇలాంటి పొయ్యిలు చాలా రకాలు డిజైన్ చేసి, మిగిలిన బొగ్గుని పొలంలో వేయడం గురించి కూడా పనిచేశారు.

ఇబ్బందులు ఉన్నాయి. మధ్యలో కట్టె వేయడం కుదరదు, సిమ్‌లో పెట్టడమూ కష్టమే. అన్నానికి, స్నానం నీళ్లకి, పశువుల దాణా ఉడకబెట్టడానికి బాగుంటుంది, పులుసు మరగబెట్టడానికి కాదు. మంట ఆగాక నిప్పుల్ని ఇంట్లో ఉంచకూడదు, వెంటనే బయటికి తీసి నీళ్లు చల్లాలి. పత్తి కట్టెని అంగుళం ముక్కలు చేయడం అన్నిటికంటే పెద్ద పని. ఇంటికో మిషన్ కొనలేం. పది మంది రైతులు కలిసి ఒక ష్రెడర్ అద్దెకి తెచ్చుకుని, పత్తి పీకిన వారంలోనే ముక్కలు కొట్టించి, రెండు నెలలు ఎండబెట్టుకుంటే వానాకాలానికి సరిపడా నిల్వ ఉంటుంది.