వార్తల్లో పదం: లోయర్ హైబ్రిడ్ తరంగం

2025 ఫిబ్రవరి 12న ఫ్రాన్స్‌లోని వెస్ట్ టోకమాక్ అనే సంలీన యంత్రం తన ప్లాస్మాను 1,337 సెకన్లు, అంటే 22 నిమిషాలకు పైగా, నిలబెట్టి వార్తల్లోకెక్కింది. మన హైదరాబాద్‌లో మౌలాలి వైపున్న అణు ఇంధన సముదాయం తయారుచేసేది విచ్ఛిత్తి రియాక్టర్లకు ఇంధనం. సంలీనం కథ వేరు. అక్కడ అయస్కాంత క్షేత్రంలో బంధించిన ప్లాస్మాలో విద్యుత్ ప్రవాహం ఆగకూడదు. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని కాసేపే నడపగలదు. ఆ తర్వాత ఎలక్ట్రాన్లను ఒకే దిశలో తోసే పని లోయర్ హైబ్రిడ్ తరంగానిది.

ఈ తరంగాన్ని పుట్టించేది మైక్రోవేవ్‌లు. క్లైస్ట్రాన్లనే పరికరాల్లో పుట్టిన ఈ మైక్రోవేవ్‌లు వేవ్‌గైడ్లనే లోహపు గొట్టాల గుండా వస్తాయి. చివర దీర్ఘచతురస్రాకారపు మూతులు వరుసగా పేర్చి ఉంటాయి. దాన్నే గ్రిల్ అంటారు. పక్కపక్క మూతుల మధ్య ఫేజ్ తేడా ఎంత ఉంచాలో లెక్కగట్టి, తరంగం ఏ దిశకు తోయాలో నిర్ణయిస్తారు.

అసలు చిక్కు ఆ మూతి దగ్గరే. 3.7 గిగాహెర్ట్జ్ తరంగం సాగాలంటే ఘనమీటరుకు సుమారు 1.7 లక్షల కోట్ల లక్షల ఎలక్ట్రాన్లు ఉండాలి. అంతకన్నా పలచగా ఉంటే శక్తి వెనక్కి తిరుగుతుంది. గ్రిల్‌ను మరీ దగ్గరికి జరిపితే వేడికి దెబ్బతింటుంది. అందుకే మూతి పక్కన కొంచెం వాయువు వదిలి అక్కడి సాంద్రత పెంచుతారు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా తెలివైన ఉపాయం ఇదే అనిపిస్తుంది.

తార్నాక పక్క క్యాంపస్‌లో ఫిజిక్స్ చదివే పిల్లలూ, మైక్రోవేవ్ బెంచీ మీద పరావర్తనం కొలిచేటప్పుడు గ్రిల్ నుంచి ఇలా వెనక్కి తిరిగే శక్తిని గుర్తుంచుకోండి. గుజరాత్‌లో గాంధీనగర్ దగ్గరి ఎస్‌ఎస్‌టీ-1 టోకమాక్ కోసం రూపొందించిన లోయర్ హైబ్రిడ్ వ్యవస్థ పౌనఃపున్యమూ ఇదే 3.7 గిగాహెర్ట్జ్.